రేపు రా అని రాసిన తలుపు

పెద వాల్తేరు,
విశాఖపట్నం

చిరంజీవికి,

ద్వారకానగర్ పౌర గ్రంథాలయం మెట్ల మీద నువ్వు నా చేతిలో పెట్టిన నీ కథ ఫైలు మూడు వారాలుగా నా బల్ల మీదే ఉంది. కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు రోజుకి గంట మించి చదవొద్దన్నాడు. ఆ గంటలో అరగంట పేపరుకే పోతుంది. అందుకే ఆలస్యం, మరోలా అనుకోకు. ఈలోగా మొన్న రాత్రి పదకొండున్నరకి నీ మెసేజి వచ్చింది. దాన్ని మెసేజి అనకూడదు, వేలితో ఎంత పైకి తోసినా తరగదే! చచ్చినవాళ్లు లేచి తిరిగే ఆ అమెరికా టీవీ సీరియల్ 'ద వాకింగ్ డెడ్' పదకొండు సీజన్లూ, 177 ఎపిసోడ్లూ చూశానని, ఇంటర్ నుంచి ఉద్యోగం వచ్చేదాకా అందులోని మనుషులతోనే పెరిగానని, తీరా చూస్తే ఎవరో జేబు కొట్టేసినట్టుందని రాశావు. చివర్లో "అమ్మా, అసలు ఆ సీరియల్ తీసేవాళ్లు మనల్ని ఏమనుకుంటున్నారు?" అని అడిగావు.

మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఫైల్లో ఉన్న మూడు అధ్యాయాల కంటే ఆ మెసేజే బాగుంది. అందులో అచ్చుతప్పులున్నాయి, సగం వాక్యాలకి చివర చుక్క లేదు, అయినా ఒక్క మాట కూడా ఊరికే పడలేదు. ఫైల్లో "భయంకరమైన" అన్న మాట మొదటి అధ్యాయంలోనే పద్నాలుగు సార్లు ఉంది. పెన్సిల్‌తో లెక్కపెట్టాను. మెసేజిలో ఒక్కసారీ లేదు.

ఆ సీరియల్ నేనూ చూశాను. నమ్మవు కదూ? 2020 లాక్‌డౌన్‌లో మా మనవడు బెంగళూరు నుంచి వచ్చి ఇక్కడే ఇరుక్కుపోయాడు. వాడు రాత్రిళ్లు హాల్లో లైటు తీసేసి చూస్తుంటే, నిద్ర పట్టక నేనూ వెళ్లి కూర్చునేదాన్ని. అందులో చచ్చి లేచినవాళ్లని జాంబీలు అనరు, వాకర్లు అంటారు. నాకు మొదట నవ్వొచ్చింది. మనకి వాకర్లంటే పొద్దున్నే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేశాక కాళీమాత గుడి ముందు నుంచి చేతులూపుకుంటూ నడిచే షుగర్ పేషెంట్లు. ఆ రోజుల్లో వాళ్లు కూడా లేరు. బాల్కనీలోంచి చూస్తే రోడ్డు ఖాళీ. టీవీలో అట్లాంటా రోడ్డూ ఖాళీ. మూడో రోజుకి నవ్వడం మానేశాను.

మొదటి ఎపిసోడ్ గురించి నువ్వు రాసింది రెండు మాటలు, "స్టార్టింగ్ సూపర్" అని. అక్కడ ఆగాల్సింది నువ్వు. ఎందుకు సూపరో పట్టుకుంటే తర్వాత ఎక్కడ చెడిందో దానంతటదే తెలుస్తుంది. 2010 అక్టోబర్ 31న వచ్చింది అది. ఆస్పత్రి మంచం మీద ఒంటరిగా కళ్లు తెరిచిన పోలీసాయన, రిక్, ఎలాగో తన వీధికి చేరి ఒక ఇంట్లో తలదాచుకుంటాడు. ఆ ఇంట్లో ఒక తండ్రీ కొడుకూ ఉన్నారు. రాత్రి కిటికీలకి దుప్పట్లు కట్టేసి చప్పుడు చేయకుండా కూర్చుంటారు. బయట ఒకావిడ వస్తుంది, పల్చటి నైటీలో, చెప్పుల్లేకుండా. మెట్లెక్కుతుంది. తలుపు దగ్గర ఆగుతుంది. తలుపు పిడి మెల్లగా అటూ ఇటూ తిరుగుతుంది. ఆవిడ ఆ పిల్లాడి తల్లి. పోయింది, పోయి లేచింది. పిల్లాడు మొహం దాచుకుని ఏడుస్తుంటాడు.

అంతే. తలుపు తెరుచుకోదు. ఎవరూ ఎవరి మీదా పడరు. బుర్ర చచ్చిపోయినా ఆ చేతికి మాత్రం తన ఇంటి తలుపు గుర్తుందేమో అన్న అనుమానం ఒక్కటి మన ఒంట్లోకి వదిలిపెట్టి ఊరుకున్నారు. మర్నాడు ఆ భర్త మేడ మీద కిటికీలో తుపాకీ పట్టుకుని కూర్చుంటాడు, పక్కన ఆవిడ ఫోటో. గురి చూస్తాడు, వేలు కదలదు. నేను మా మనవణ్ణి అక్కడ ఆపమన్నాను. నాకు భయమేసిందనుకున్నాడు వాడు. భయం కాదు. మా అత్తగారు చివరి రెండేళ్లూ ఎవర్నీ గుర్తుపట్టేది కాదు, నన్ను "ఎవరమ్మా నువ్వు" అనేది. కానీ సాయంత్రం ఆరయ్యేసరికి లేచి వెళ్లి వీధి తలుపు గడియ వేసి వచ్చేది. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు.

తలుపంటే ఇంకో సంగతి చెప్పాలి. నువ్వు అప్పటికి పుట్టి ఉండవు. తొంభైల్లో మేం కంచరపాలెంలో ఉండేవాళ్లం. ఉన్నట్టుండి వీధి వీధంతా తలుపుల మీద సుద్దముక్కతో, బొగ్గుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాతలు వెలిశాయి. ఒక ఆడదెయ్యం రాత్రిపూట తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందట, తలుపు తీసినవాళ్లు నెత్తురు కక్కుకుని పోతారట. ఈ రాత ఉంటే చదువుకుని, సరే రేపు వద్దాంలే అని వెళ్లిపోతుందట. మర్నాడు వచ్చినా అదే రాత. మా అబ్బాయి స్టూలు వేసుకుని మా తలుపు మీద రాశాడు. "స్త్రీ"కి వత్తులు సరిగ్గా పడలేదు. దెయ్యానికి అర్థం కాదేమోనని మా అత్తగారు చెరిపించి మళ్లీ రాయించింది. దెయ్యాల కథలు రాసి డబ్బు తీసుకునే నేను నవ్వేసి ఊరుకున్నాను కానీ, ఆ రాతని మాత్రం చాలా రోజులు తుడవలేదు. చీకటి పడ్డాక మూడుసార్లు పిలిస్తేనే పలకాలని మా అమ్మమ్మ చెప్పేది, అదీ పాటించాను.

ఇప్పుడు ఆలోచిస్తే మన సీరియళ్ల పద్ధతీ అదే. "తరువాయి వచ్చే వారం" అంటే ఏమిటి? రేపు రా అనే కదా. తలుపు మీద సుద్దముక్కతో రాసినవాడికి ఆ తలుపు ఎప్పటికీ తీసే ఉద్దేశం లేదు, వాడి ప్రాణం వాడికి ముఖ్యం. మనం రమ్మని పిలిచి మరీ రాస్తాం. రేపు రమ్మన్నాక రేపు తీయాలి. దెయ్యమైనా ఎన్నాళ్లని వస్తుంది?

రెండో సీజన్ బోరని తీసిపారేశావు. చాలామంది అదే అన్నారు. పొలంలో కూర్చుని మాట్లాడుకోవడమే, నిజమే. సోఫియా అని చిన్నపిల్ల తప్పిపోతుంది, ఎపిసోడ్ల తరబడి వెతుకుతుంటారు. వాళ్లు తలదాచుకున్న రైతు ఇంటి దగ్గర కొట్టంలో వాకర్లని పెట్టి తాళం వేసి ఉంటుంది. వాళ్లు జబ్బుమనుషులు, ఎప్పటికైనా బాగవుతారని ఆ పెద్దాయన నమ్మకం. ఏడో ఎపిసోడ్‌లో ఒకడు కోపం పట్టలేక ఆ తాళం పగలగొడతాడు. బయటికి వచ్చినవాళ్లని వచ్చినట్టే కాల్చేస్తారు. అయిపోయిందనుకుంటాం. లోపలి చీకట్లోంచి ఇంకో అడుగుల చప్పుడు, చిన్న అడుగులు. సోఫియా. అన్ని రోజులూ వీళ్లు అడవంతా గాలించింది ఆ పిల్ల కోసమే, అన్ని రోజులూ ఆ పిల్ల వీళ్ల గుడారాలకి కూతవేటు దూరంలోనే ఉంది. అప్పటిదాకా చంపేద్దాం చంపేద్దాం అని గంతులేసినవాడికి చెయ్యి లేవదు. పిల్లని అడవిలో వదిలి వచ్చిన రిక్కే ముందుకి నడిచి తుపాకీ ఎత్తుతాడు.

ఆరు ఎపిసోడ్లు రేపు రా, రేపు రా అన్నారు. ఏడోదాంట్లో తలుపు తీశారు. పిల్ల దొరుకుతుందా అని అడిగాం, దొరికింది. మనం కోరుకున్నట్టు దొరకలేదు, కానీ అడిగినదానికి జవాబు మన చేతిలో పెట్టారు. నన్నడిగితే ఆ సీరియల్ మొత్తంలో అంతకన్నా మంచి ఐదు నిమిషాలు లేవు. బోరు కొట్టిన ఆరు ఎపిసోడ్లూ ఆ ఐదు నిమిషాలకి కట్టిన చీటీ డబ్బు.

ఇంక నీకు కడుపు మండిన చోటికి వద్దాం. ఆరో సీజన్, 2015 అక్టోబర్ 25. పిజ్జాలు డెలివరీ చేసే కుర్రాడు గ్లెన్, ఇన్ని సీజన్ల తర్వాత చూసేవాళ్లందరికీ తమ్ముడైపోయాడు. ఒక సందులో ఇనప చెత్తకుండీ ఎక్కి నిలబడతాడు, పక్కన ఇంకొకడు. చుట్టూ ఇసకేస్తే రాలనంత మంది వాకర్లు. ఆ రెండోవాడు తనని తాను కాల్చుకుని, గ్లెన్‌ని కూడా లాక్కుంటూ కింద పడతాడు. గ్లెన్ మొహం, అరుపు, పేగులు లాగుతున్న చేతులు. పోయాడనే అనుకున్నాం. తర్వాతి ఎపిసోడ్ టైటిల్స్‌లోంచి ఆ నటుడి పేరు కూడా తీసేశారు! నాలుగు వారాల తర్వాత, నవంబర్ 22న, అసలు సంగతి చెప్పారు. ఆ పేగులు పైన పడ్డవాడివట. గ్లెన్ చెత్తకుండీ కిందకి పాక్కుంటూ జారుకున్నాడట.

బతికితే తప్పేం లేదు. నేనూ సంతోషించాను, ఒక క్షణం. ఆ వెంటనే ఒళ్లు మండింది. ఎందుకో ఆ రోజు చెప్పలేకపోయాను. నీ మెసేజి చదివాక తెలిసింది. కొట్టం దగ్గర రిక్‌కి తెలియంది మనకీ తెలియదు. వాడూ మనమూ ఒకే చీకట్లో ఉన్నాం. చెత్తకుండీ దగ్గర అలా కాదు. తన పేగులు తన కడుపులోనే ఉన్నాయని గ్లెన్‌కి తెలుసు. మనం వాడి మొహంలోకి చూస్తూ కూర్చున్నాం, వాడికి తెలిసింది మాత్రం మనకి చెప్పలేదు. కథలో ఎవరూ ఏమీ దాచలేదు, కథ చెప్పేవాడు దాచాడు. పేకాటలో చొక్కా చేతిలోకి ముక్క జారవిడిచినట్టు. అది చాలక టైటిల్స్‌లో పేరు కొట్టేయడం, బతికున్నవాడికి పేపర్లో శ్రద్ధాంజలి వేయించినట్టు!

ఒకసారి అలా చేశాక రెండోసారికి సిగ్గుండదు. ఆ సీజన్ చివర, 2016 ఏప్రిల్ 3న, నీగన్ అనేవాడు వచ్చాడు. చేతిలో ముళ్లతీగ చుట్టిన బేస్‌బాల్ బ్యాటు, దానికో పేరు కూడా, లూసిల్ అని. మనవాళ్లని వరసగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి, పిల్లలు ఆటలో పంటలు వేసుకున్నట్టు ఒక్కొక్కరి మీదా బ్యాటు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఒకరి దగ్గర ఆగాడు. అక్కడ కెమెరాని తీసుకెళ్లి ఆ దెబ్బ తినేవాడి కళ్లలో పెట్టారు. ఎవరి మీద పడుతోందో అక్కడున్న అందరికీ కనబడుతోంది, ఒక్క మనకి తప్ప. తెర నల్లబడింది. మళ్లీ అక్టోబర్ 23న రమ్మన్నారు. 203 రోజులు!

ఈ కథకి మూలమైన కామిక్‌లో ఇదే సంఘటన 2012లోనే వచ్చింది, నూరో సంచికలో. అక్కడ దాపరికం లేదు. పోయేది గ్లెన్ అని ఆ సంచికలోనే చూపించేశారు. తర్వాతి నెల దాన్ని కొనుక్కున్నవాళ్లు ఎవరు పోయారో తెలుసుకోవడానికి కొనలేదు, మిగిలినవాళ్లు ఎలా బతుకుతారో చూడటానికి కొన్నారు. టీవీవాళ్లు మాత్రం అక్టోబర్‌లో వడ్డీతో సహా తీర్చామనుకుని ఇద్దర్ని చంపారు, ముందు అబ్రహాం అని వాళ్లలోనే ఇంకొకణ్ణి, తర్వాత గ్లెన్‌ని. ఆ దెబ్బలు ఎంత దగ్గరగా చూపించారో నీకు నేను చెప్పక్కర్లేదు. భయం వేయలేదు బాబూ నాకు. నీరసం వచ్చింది.

అమెరికాలో ఆ రాత్రి చూసినవాళ్లు కోటీ 70 లక్షలు. మరుసటి వారం కోటీ పాతిక లక్షలు. 2022 నవంబర్ 20న ఆఖరి ఎపిసోడ్ టీవీలో చూసినవాళ్లు 23 లక్షలు. నీగన్ బ్యాటు ఒక్కటే దీనికి కారణమంటే అన్యాయం, ఈలోగా జనం టీవీ మానేసి ఫోన్లలో పడ్డారు. నేను ఎనిమిదో సీజన్‌లో రిక్ కొడుకు కార్ల్‌ని చంపేశాక లేచి వెళ్లి పడుకున్నాను. కామిక్‌లో ఆ పిల్లాడు చివరిదాకా ఉంటాడని మా మనవడు చెప్పాడు. ఆ మాట విన్నాక ఇంకా కోపమొచ్చింది.

వాళ్లని తిట్టడానికి నాకు అర్హత లేదు. అది కూడా చెప్పేస్తాను.

ఎనభైల్లో, చేతబడి నవలలు ఉప్పెనలా వస్తున్న రోజుల్లో, ఒక వారపత్రికకి సీరియల్ రాశాను. టెలిఫోన్ ఎక్స్చేంజిలో నైట్ డ్యూటీ, కాల్స్ లేనప్పుడు హెడ్‌ఫోను మెడలో వేసుకుని రాసుకునేదాన్ని. ఎడిటరు గారు ప్రతి ఉత్తరంలోనూ ఒకటే మాట, వారం చివర పాఠకుడి గుండె ఆగాలమ్మా అని. పద్నాలుగో వారానికి నా దగ్గర కథ అయిపోయింది. ఏం చేయాలో తోచక కథానాయికని మేడ మెట్ల మీంచి పడేశాను. మెడ ఒక పక్కకి వాలిపోయింది, కళ్లు తెరిచే ఉన్నాయి అని రాసి ముగించాను. పదిహేనో వారం ఆ అమ్మాయి చెమటలు పట్టి మంచం మీద లేచి కూర్చుంది. కల!

ఆ రెండు వారాలకీ ఉత్తరాలు కట్టలు కట్టలు వచ్చాయి. ఎడిటరు గారు భలే సంతోషపడ్డారు. ఆ కట్టల్లో అనకాపల్లి నుంచి ఒక పోస్టుకార్డు ఉంది. రాసినాయన ఏదో ఆస్పత్రిలో కాంపౌండరు. వాళ్లావిడకి చదువు రాదట, రాత్రి భోజనాలయ్యాక ఈయన నా సీరియల్ చదివి వినిపిస్తాడట. ఆ అమ్మాయి పోయిందని చదివిన వారం ఆవిడ మర్నాడు పొద్దున్న కూడా సరిగ్గా మాట్లాడలేదట. కల అని చదివిన వారం, ఇంక చాలు, చదవొద్దులెండి అందట. తిట్టలేదు, నిందించలేదు. కార్డు చివర మాత్రం ఇంటిల్లిపాదికీ నమస్కారాలు రాశాడు.

నేను జవాబు రాయలేదు. సీరియల్ ఇంకో ఇరవై వారాలు నడిచింది. తర్వాత దాన్ని పుస్తకంగా వేస్తామని రెండుసార్లు అడిగారు. ఆ రెండు వారాలూ తీసేసి ఇద్దామని కూర్చున్నాను. తీస్తే మిగతాది నిలబడలేదు. అబద్ధం మీద కట్టిన వారాలన్నీ దానితోపాటే కూలాయి. అచ్చు వేయించలేదు.

వాళ్లు మనల్ని ఏమనుకుంటున్నారని అడిగావు కదా. మనమంటే వాళ్లకి భయం. రేపు రామేమోనని. ఎక్స్చేంజిలో ఆ రాత్రి నా భయమూ అదే.

ఇంక నీ ఫైలు. షిప్‌యార్డు వైపు సింధియా దగ్గర ఏళ్ల తరబడి మూసేసిన క్వార్టర్సు, ఒక నర్సు ఉద్యోగం అమ్మాయి, తమ్ముణ్ణి వెతుక్కుంటూ అక్కడికి వెళ్లడం. బాగుంది. రెండో అధ్యాయం చివర ఆ అమ్మాయి తలుపు తోస్తుంది. లోపల ఉన్నదాన్ని చూసి కెవ్వున అరుస్తుంది. అయిపోయింది. మూడో అధ్యాయం కేజీహెచ్ ఆస్పత్రి వార్డులో మొదలు, చేతికి సెలైను. అక్కడ్నుంచి పదకొండు పేజీలు. వాళ్లమ్మతో మాట్లాడుతుంది, స్నేహితురాలితో మాట్లాడుతుంది, ఎస్సైతో కూడా మాట్లాడుతుంది. తను చూసిందేమిటో ఒక్కరికీ చెప్పదు. చెప్పకపోవడానికి కారణం లేదు, ఆ అమ్మాయి మూగది కాదు. చెబితే నీ నాలుగో అధ్యాయానికి పని లేకుండా పోతుంది, అంతే. ఇది ఆ చెత్తకుండీ కాదూ? రాత్రి పదకొండున్నరకి దేన్ని తిట్టావో పగలు అదే రాశావు!

గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. ఆ తలుపు వెనక ఏముందో నీకైనా తెలుసా?

నువ్వు రాసేది ఆడియో యాప్‌కని, ప్రతి ఎపిసోడ్ చివర వినేవాణ్ణి పట్టి ఆపే హుక్ ఉండాలని వాళ్లు అడుగుతారని, ఎపిసోడ్‌కి ఇంతని ఇస్తారని చెప్పావు. రాసిన దానికి డబ్బు తీసుకోవడంలో తప్పేమీ లేదు. మా ఇంట్లో మొదటి ప్రెషర్ కుక్కర్ ఆ సీరియల్ డబ్బులతోనే వచ్చింది. హుక్ పెట్టు. కానీ ఆ అమ్మాయి చూసింది నన్నూ చూడనివ్వు, అప్పుడు ఆపు. ఉదాహరణకి, ఏళ్లుగా మూసి ఉన్న ఇంట్లో చాప మీద రెండు కంచాలు, అన్నంలోంచి ఇంకా ఆవిరి లేస్తోంది. అక్కడ ఆపు. నేను వచ్చే వారం వస్తాను, ఆ అమ్మాయి ఇప్పుడేం చేస్తుందో చూడటానికి. నా కంచాలు వాడుకోకు, నీవి నువ్వు వెతుక్కో.

ఎక్కడ ఆపాలో ఇంకోలా చెబుతాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. అమెరికాలో ఈ సీరియల్‌ని అన్నిటికన్నా ఎక్కువమంది, కోటీ 73 లక్షల మంది చూసిన రోజు అదేనని మా మనవడు చెబితే ఆశ్చర్యపోయాను. మనకి ఆ రోజు హుద్‌హుద్ తుఫాను. అప్పుడు నువ్వు చిన్నవాడివి, అయినా గుర్తుండే ఉంటుంది. పొద్దున్నుంచీ గాలి. మా మూడో అంతస్తులో బాల్కనీ తలుపు లోపలికి పొంగుతోంది, ఊపిరి తీస్తున్నట్టు. దానికి దివాను అడ్డం పెట్టి, మా ఆడపడుచూ నేనూ దాని మీద కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఒక్కసారిగా గాలి ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే, కింద చీపురు చప్పుడు వినబడింది. మా వాచ్‌మన్ గేటు దగ్గర అద్దం పెంకులు ఊడుస్తున్నాడు.

ఇక్కడ ఆపేసి, మిగతాది వచ్చే ఉత్తరంలో అంటే? నీకు పెద్ద తేడా తెలియదు. ఒక మనిషి ఊడుస్తున్నాడు, అంతే. కానీ నేను టెలిఫోన్స్‌లో పనిచేసినదాన్ని, తుఫానుల డ్యూటీలు చేసినదాన్ని. అది ఆగడం కాదని, తుఫాను కన్ను ఊరి మీదకి వచ్చిందని, కాసేపట్లో రెండో పక్క నుంచి మళ్లీ కొడుతుందని నాకు తెలుసు. అతనికి తెలియదు. తీరిగ్గా, మూలమూలలా ఊడుస్తున్నాడు. నేను అరుస్తుంటే తల ఎత్తి నవ్వి, తగ్గిపోయిందమ్మా అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇప్పుడు ఆపు. నేనేదీ దాచలేదు, తెలిసిందంతా నీకిచ్చేశాను, అయినా నువ్వు ఆగలేవు.

అతనికేం కాలేదులే. రెండో అంతస్తు ఆయన దిగి వెళ్లి రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు. తర్వాత వచ్చిన గాలికి అతని గది రేకులు లేచిపోయాయి. వాటిలో ఒకటి పక్క వీధిలో దొరికింది.

చిన్న చిన్నవి పెన్సిల్‌తో పక్కన రాశాను, చూసుకో. పొగమంచు తీసేయ్. పొగమంచు కావాలంటే లంబసింగి వెళ్లాలి నాయనా, సింధియాలో ఎక్కడిది? గుడ్లగూబనీ పంపించేయ్. అక్కడ రాత్రిపూట ఓడ కూత వినబడుతుంది, ఉప్పుగాలికి కిటికీ గ్రిల్లు చేత్తో పట్టుకుంటే పొరలు పొరలుగా రాలుతుంది, అవి చాలు. ఎస్సై మాట్లాడే తెలుగు మన వైపు తెలుగులా లేదు, సినిమాలోంచి వచ్చాడు ఆయన.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు, అందుకే దాని చుట్టూ గీత గీశాను. రెండో అధ్యాయం, పంతొమ్మిదో పేజీ. ఆ క్వార్టర్సులో గ్రిల్లు తుప్పు, గడియలు తుప్పు, నీళ్ల గొట్టం తుప్పు అని రాసి, ఆ ఒక్క తలుపు ఇత్తడి పిడి మాత్రం "మెరుస్తోంది" అన్నావు. తెలిసి రాశావా, చేతికి వచ్చిన మాట పెట్టేశావా? సముద్రం పక్కన ఇత్తడి రెండు నెలలు వదిలేస్తే నల్లబడుతుంది. మా ఇంట్లో దీపపు కుందులు చూశావుగా. అది మెరుస్తోందంటే ఎవరో రోజూ దాన్ని పట్టుకుని తిప్పుతున్నారు. లోపలి నుంచో, బయటి నుంచో. అది చదివినప్పుడు వేసిన భయం నీ పద్నాలుగు "భయంకరమైన"ల్లో లేదు. పొరపాటున పడిన మాటే అయినా దాన్ని మాత్రం తీయకు. నాలుగో అధ్యాయం అక్కణ్ణుంచి వెతుకు.

ఫైలు తీసుకెళ్లడానికి ఆదివారం వద్దు, మీటింగు ఉంది. శనివారం రా, ఆఫీసు అయ్యాక ఏడింటికి. మసాలా వడలు వేయిస్తాను. కాలింగ్ బెల్లు పనిచేయడం లేదు, ఎలక్ట్రీషియన్ రేపు వస్తా రేపు వస్తా అని తిప్పుతున్నాడు. తలుపు కొట్టి పిలువు. అప్పటికి చీకటి పడుతుంది కాబట్టి మూడుసార్లు పిలువు.

ఆశీస్సులతో,
మీ అమ్మ వయసు దాటిన
పాత సీరియళ్ల రచయిత్రి